ఏడురోడ్ల దగ్గర జిరాక్స్ షాపు పాపకు నా కృతజ్ఞతలు

కడప ఏడురోడ్ల దగ్గర జిరాక్స్ షాపులో పనిచేసే ఒక పాపకు నలుగురి ముందు థ్యాంక్స్ చెప్పాలని ఈ పోస్టు రాస్తున్నాను. పేరు మాత్రం వద్దక్కా అంది, అందుకే రాయడం లేదు.

నాది చిన్న టైలరింగ్ షాపు. కూతురి ఇంజనీరింగ్ ఫీజు కోసం చీటీ పాడి, ఆ డబ్బు బ్యాంకులో వేసుకున్నాను. మూడో రోజు, కూతురి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి వెళ్లినప్పుడు ఫోన్ వచ్చింది. నా పేరు, బ్రాంచి పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు తప్పు లేకుండా చెప్పాడు. "కేవైసీ అప్‌డేట్ కాలేదు మేడమ్, సాయంత్రానికి అకౌంట్ బ్లాక్ అయిపోతుంది" అన్నాడు. ఫీజు కట్టడానికి వారమే గడువు. ఆ టెన్షన్‌లో ఇంకో ఆలోచన రాలేదు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నేరుగా ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు, పంపాడు, దాని మీద బ్యాంకు లోగో ఉంది. ఇన్‌స్టాల్ చేశాను. మెసేజీలు చూడటానికి పర్మిషన్ అడిగితే ఓకే నొక్కి, కార్డు వివరాలు నింపాను.

ఓటీపీ మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ కొందరు "నువ్వే చెప్పింటావు" అంటున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. మెసేజీల పర్మిషన్ ఒక్కసారి ఇచ్చామంటే మనం నోరు తెరవాల్సిన పని లేదు. ఓటీపీ మన ఫోనుకు రాగానే ఆ యాప్ వాళ్లకు పంపేస్తుంది.

రూ.48,500 పోయినట్టు మెసేజీ వచ్చింది. అదేంటని అడిగితే "అది వెరిఫికేషన్, తిరిగి పడుతుంది, లైన్ కట్ చేయొద్దు" అన్నాడు. వెంటనే ఇంకో రూ.25,000. నా చేతులు వణుకుతున్నాయి. అప్పుడు ఆ పాప మిషన్ దగ్గర నుంచి వచ్చి, "ఎవురితో మాట్లాడ్తాండావక్కా? ఆ ఫోన్ ఇట్లియ్యి" అని లాక్కున్నంత పని చేసింది. కాల్ కట్ చేసి ఫ్లైట్ మోడ్‌లో పెట్టింది. అది చాలదన్నట్టు, స్టేప్లర్ పిన్ను పళ్లతో సాగదీసి సిమ్ కూడా బయటికి లాగి నా అరచేతిలో పెట్టింది.

తర్వాత తన ఫోన్ నుంచే, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి కలిపింది. అకౌంట్ నంబరు, ఏ టైముకు ఎంత పోయింది, మెసేజీలో ఉన్న ట్రాన్సాక్షన్ నంబరు, అన్నీ వాళ్లు అడిగారు. నేను ఏడుస్తుంటే నా ఫోన్ చూసి తనే ఒక్కొక్క అంకె చదివింది. ఆ వెంటనే కార్డు వెనక ఉన్న నంబరుకు చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించింది. షాపులో పది మంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఒక పెద్దాయన నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ఆయనెవరో తెలియదు, ఆయనకూ నా నమస్కారం.

మూడోసారి రూ.60,000కు ప్రయత్నించారని తర్వాత బ్యాంకులో తెలిసింది. సిమ్ నా అరచేతిలో ఉంది కాబట్టి ఓటీపీ రాలేదు, డబ్బు కదల్లేదు.

త్వరగా ఫోన్ చేసినందువల్ల రూ.48,500 అవతలి అకౌంట్‌లోనే హోల్డ్ అయింది. రూ.25,000 అప్పటికే ఏటీఎంలో తీసేసుకున్నారు, అది పోయినట్టే. సైబర్ క్రైమ్ పోలీసులు నన్ను ఒక్క మాట కూడా అనకుండా కాగితాలన్నీ రాయించారు. కోర్టు ఆర్డరు వచ్చాక హోల్డ్‌లో ఉన్న డబ్బు పోయిన వారం నా అకౌంట్‌లో పడింది. వాళ్లకూ కృతజ్ఞతలు. బ్రాంచిలో మేడమ్ ఒక గంట నాతో కూర్చుని, బ్యాంకుల సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని 2025లో రిజర్వు బ్యాంకు చెప్పిందని, ఏ బ్యాంకూ వాట్సాప్‌లో యాప్ పంపదని వివరించారు. నాకు వచ్చిన కాల్ మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచే.

డబ్బు పడిన రోజే చీర, పండ్లు తీసుకుని షాపుకు వెళ్లాను. పండ్లు తీసుకుంది, చీర వద్దంది. "మా నాయనకు ఇట్లే 90,000 పోయిందక్కా, అప్పుడు నాకేం తెలీదు" అంది. అందుకే షాపు గోడకు 1930 అని పెద్ద అంకెలతో కాగితం అంటించింది. దాన్ని ఇరవై కాపీలు తీయించుకున్నాను. ఒకటి నా కుట్టుమిషన్ పైన గోడకు ఉంది. బట్టలు తీసుకోవడానికి వచ్చే ప్రతి అక్కకూ ఒకటి చేతిలో పెడుతున్నాను.