దూదిని బడికి ఎందుకు పంపనంటే

చిట్టితల్లీ,

పెంపుడు జంతువుల రోజున అందరూ కుక్కనో పిల్లినో తెచ్చుకుంటుంటే నీ కుందేలు దూదిని మాత్రం వద్దన్నానని నీకు కోపంగా ఉంది. ఎదురుగా కూర్చుంటే మాటకు మాట పెరిగి అసలు సంగతి పక్కకు పోతోంది. అందుకే రాసి పెడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

దూది నీ ఒళ్లో ఎంత నిశ్చింతగా పడుకుంటుందో రోజూ చూస్తున్నాను. అది నీ ఒడి కాబట్టే ఆ నిశ్చింత. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు చిక్కే జంతువు. కళ్లు తలకు చెరో పక్కన ఉండడం వల్ల వెనక నుంచీ పైనుంచీ వచ్చేదాన్ని కూడా కనిపెడుతుంది. సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం దానికి కనిపించదు. మీ తరగతి పిల్లలంతా ప్రేమగా చెయ్యి చాపేది అక్కడికే. పైగా పక్క బల్ల దగ్గర కుక్కలుంటాయి.

నా భయమంతా దాని మౌనం గురించే. కుక్కకు ఇబ్బందైతే గుర్రుమంటుంది. కుందేలు చాలాసార్లు బిగుసుకుపోయి కూర్చుంటుంది. చెవులు వీపుకు అంటుకుపోతాయి, కళ్లు పెద్దవవుతాయి, అంతే. చూసేవాళ్లు "ఎంత బుద్ధిగా ఉందో!" అని ఇంకాస్త దగ్గరికి వస్తారు. ఎవరైనా పట్టు తెలియక ఎత్తితే వెనక కాళ్లతో తన్నుకుంటుంది. ఆ కాళ్లకున్న బలం ఎముకలకు లేదు. దాని ఒంటి బరువులో ఎముకలు నూటికి 8 వంతులే, పిల్లికి 12 దాకా ఉంటాయి. తన తన్ను ధాటికి తన వెన్నెముకే విరిగే ప్రమాదం ఉంది. అలా జరగకపోయినా, బాగా బెదిరిన కుందేలు మేత మానేస్తుంది, పేగుల కదలిక మందగిస్తుంది. ఒక పూట గడిచినా ఏమీ ముట్టకపోతే పరుగున పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. గంట సరదా కోసం దాన్ని అంతదాకా తీసుకురావడానికి నాకు మనసొప్పదు.

జనం మధ్య తిరగడం అలవాటైన కుక్కలకు ఆ రోజు బాగానే గడుస్తుంది. నీ స్నేహితురాలి కుక్కను నువ్వు తప్పకుండా పలకరించు. ముందు తనను అడుగు. తర్వాత పక్కగా నిలబడు, కుక్కే వచ్చి నిన్ను వాసన చూడనీ. నెత్తి మీద కాదు, ఛాతీ దగ్గర నిమురు. అది మాటిమాటికీ పెదవులు నాక్కుంటున్నా, ఆవలిస్తున్నా, తోక కాళ్ల మధ్యకు ముడుచుకున్నా ఇక చాలని అర్థం చేసుకో. కౌగిలించుకోవద్దు. పన్ను గానీ గోరు గానీ గీసుకుంటే చిన్నదేలే అని దాచకు. సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీచరుకు చెప్పు.

నువ్వు ఖాళీ చేతులతో వెళ్లాలని నేను అనడం లేదు. దూది గురించి నీకు తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలియదు. దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయనీ, అందుకే అస్తమానం గడ్డి నములుతుందనీ చెప్పు. తన మెత్తటి పెంటికలను తానే తింటుందని చెప్పగానే అందరూ ముక్కు మూసుకుంటారు. గడ్డిలోని సారం మొదటిసారికి పూర్తిగా ఒంటబట్టదు కాబట్టి అలా రెండోసారి తీసుకుంటుందని అప్పుడు వివరించు. సంతోషం పట్టలేక గాల్లోకి ఎగిరి మెలిక తిరుగుతుందే, అది అందరూ చూసి తీరాలి. తరగతి గదిలో అయితే అది ఆ గెంతు వేయనే వేయదు.

అందుకే ఆ గెంతును వీడియో తీసి పట్టుకెళ్లు. ఆ వీడియో ఈ రోజు పొద్దు వాలే వేళకు తీద్దాం, దూదికి హుషారొచ్చే సమయం అదే. ఫోను నీకిస్తాను. నేను పట్టుకుంటే అది మూలకు పోయి కూర్చుంటుంది. నువ్వు నేల మీద పడుకుని, దాని ఎత్తు నుంచి తియ్యి.

ముద్దులతో,
అమ్మ