ఆదివారం కాదు, నీ శనివారం సంగతి చెప్పు

ఒరేయ్ బావా,

వందనాలు రా. మొన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ రెండు మూడుసార్లు చదివాను. ప్రతి ఆదివారం చర్చికి పోతున్నా, కానుక వేస్తున్నా, ఇంటికొచ్చేసరికి లోపల ఏమీ మిగలట్లేదు, అసలు పోవడమే మానేద్దామా అనిపిస్తోంది అన్నావు. ఫోన్లో నాలుగు మాటల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నా. పొడుగైనా ఓపిగ్గా చదువు.

మానొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తున్నా. నలుగురితో కలిసి పాడటం, వాక్యం వినడం, ప్రభు బల్ల దగ్గరికి పోయి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మనిషికి కావాలి రా, ఇంట్లో ఒక్కడివే కూర్చుని యూట్యూబ్‌లో ప్రసంగం పెట్టుకుంటే ఆ లోటు తీరదు. కానీ నువ్వు అనుకుంటున్నట్టు లోపం చర్చిలో ఉందని నాకు అనిపించడం లేదు. అక్కడ విన్నది నీ సైటు దాకా రావడం లేదు, అదీ సంగతి. నువ్వు బిల్డింగ్ కాంట్రాక్టరువి. శనివారం సాయంత్రం నీ కూలీలకు బట్వాడా ఎలా జరుగుతోందో చెప్పు, నీ భక్తి ఎలా ఉందో నాకు అర్థమవుతుంది. కోపం తెచ్చుకోకు, నిన్ను తప్పుపట్టడానికి అనడం లేదు. కోతవాళ్ల కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని, ఆ కేక దేవుని చెవిన పడుతుందని బైబిల్లో యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది కదా. బిల్లు పాసవలేదు, పార్టీ డబ్బులివ్వలేదు అని మనకు కారణాలు ఎప్పుడూ ఉంటాయి. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి పిల్లల్తో సహా రేకుల షెడ్డులో ఉండే మనిషికి ఆ వారం బియ్యం ఎలా?

మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నామో నీకూ తెలుసు. అందరికీ గుర్తుండేది ఒక్క అంకె. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. నాకు మాత్రం ఆ రోజు కంటే దానికి ముందు నడిచిన సంగతే పెద్దది. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో జనం ఆకలికి మాడిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. చూశావా, ఆయనా కాంట్రాక్టరే. సువార్త చెప్పే బోధకుల్ని తీసుకొచ్చి ఆ పని మీద పర్యవేక్షణకి పెట్టాడు. కూలీల్లో ఎక్కువమంది మాదిగలు, ఊళ్లో వాళ్లని తాకనివ్వని రోజులవి. ఇక్కడ తమ మనుషులే పని చూసుకుంటారు, కూలి సరిగా ముడుతుంది, పని మధ్యలో పక్కన కూర్చుని పలకరిస్తారు. ఆ నెలల్లో వేలమంది వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండయ్యా అని అడిగినా ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారా దేవుడి కోసం వచ్చారా అన్న అనుమానం ఎవరికీ మిగలకూడదని, కరువు సాయం ఆగిపోయేదాకా ఆపాడు. ఆ రోజు నదిలో కూడా ఆయన దిగలేదు, మన తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున మార్చిమార్చి ఇచ్చారు. చేతిలో తిండి, పని, అధికారం అన్నీ ఉండి కూడా వాటిని చూపించి చర్చిలో లెక్క పెంచుకోలేదు చూడు, అది నాకు ఆ 2,222 కంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు మా చర్చిలో ఒకావిడ ఉంది. పేరు రాయను, రాస్తే ఆవిడకి నచ్చదు. ఎప్పుడూ సాక్ష్యం చెప్పడానికి లేవదు, స్త్రీల సమాజంలో పదవీ లేదు. వారం మధ్యలో గవర్నమెంటు ఆస్పత్రి ఆడవాళ్ల వార్డుకి పోతుంది. చేతిసంచిలో కొబ్బరినూనె సీసా, పేల దువ్వెన, ఒక పాత తువ్వాలు. ఎవరూ తోడు లేని ముసలమ్మలు ఉంటారు కదా, వాళ్ల దగ్గర కూర్చుని, ఉండలు కట్టిన జుట్టుని చివర్ల నుంచి నెమ్మదిగా చిక్కు తీసి జడ వేస్తుంది. జడ వేస్తూ వాళ్ల ఊరు, వాళ్ల పిల్లల సంగతులు అడుగుతుంది. ప్రార్థన చేయమంటే చేస్తుంది, అడక్కపోతే చేయదు. మా ఆవిడతో ఒకసారి నేనూ పోయాను. ఆ దువ్వెన పనికి అరగంట పైనే పట్టింది, ఒక్క తలకి. రోగినై ఉంటే నన్ను చూడవచ్చారు అని ప్రభువు మత్తయి 25లో అన్నాడే, ఆ మాట నాకు ఆ వార్డులోనే బాగా తెలిసింది.

సరే, నీ అబ్బాయి సంబంధం సంగతి. అమ్మాయి తరఫువాళ్లు మీ ఉద్దేశం చెప్పండి అంటున్నారు, ఏం చెప్పాలో తెలీక టెన్షన్‌గా ఉంది అన్నావు. ఏమీ వద్దని చెప్పు, అంతే. వాళ్ల సంతోషం కొద్దీ ఇస్తామన్నా వద్దను. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, మన వాక్యం అంతకంటే ముందే ఉంది, అయినా మన ఇళ్లలో ఆగలేదు. చర్చిలో మూడు వారాలు పెళ్లి ప్రకటన చదివి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అంటారు కదా, ఇన్నేళ్లలో కట్నం తీసుకుంటున్నారు, ఇదిగో నా అభ్యంతరం అని లేచి నిలబడిన మనిషిని నేను ఒక్కణ్ణీ చూడలేదు. కులం దగ్గరా అంతే. బయోడేటాలో క్రైస్తవులు అని రాసి, పక్క గడిలో మాల, మాదిగ, కమ్మ, రెడ్డి అని రాసి, అది కలిస్తేనే ఫోటో అడుగుతాం. ఒకే రొట్టె విరిచి తిన్నవాళ్లం రా. నీ కొడుకు పెళ్లి దగ్గరైనా ఆ గడి ఖాళీగా వదిలెయ్యి. చుట్టాలు ముఖం మాడ్చుకుంటారు, మాడ్చుకోనీ, పక్కన నేనుంటా.

సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్యని చూడు. ఆయన మారుమనసు కన్నీళ్లలో కాదు, లెక్కల్లో బయటపడింది. ఆస్తిలో సగం పేదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. రక్షణ ఈ ఇంటికి వచ్చిందని ప్రభువు అన్నది ఆ లెక్క చెప్పాకే.

ఇంకొకటి ఉంది. నీకు ఇష్టం లేని విషయమని తెలుసు, అయినా రాస్తున్నా. చీమకుర్తి దగ్గర పొలం విషయంలో మీ పెద్దన్నతో మాటలు ఆగిపోయి చాలా కాలమైంది. ఎవరిది న్యాయమో నేను తేల్చను. కానీ అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, ముందు పోయి సహోదరుడితో సమాధానపడమన్నాడు కదా ప్రభువు. ఎవరిది తప్పైతే వాళ్లు పొమ్మనలేదు, నీ మీద అవతలివాడికి ఏదో ఉందని గుర్తొస్తే నువ్వే పొమ్మన్నాడు. నీకు చర్చిలో ఏమీ మిగలట్లేదంటే నాకు ముందు తట్టింది ఇదే. మీ అన్న మొన్న బజారులో కనిపించాడు, నీ గురించి అడిగాడు, వాడి బీపీ ఎలా ఉంది అని.

అన్నకి ఒకసారి ఫోన్ చెయ్యి. వకీలు సంగతి, గట్టు సంగతి ఎత్తకు. ఊరికే బాగున్నావా అన్నా అను. షుగర్ మాత్రలు వేసుకుని తొమ్మిదికల్లా పడుకుంటాడు, కాబట్టి ఏడు ఏడున్నరకి చెయ్యి. పాత నంబరు పోయింది, కొత్తది విడిగా పంపిస్తున్నా.

నీ బావ