మా ఇల్లు నిలబడింది: పేరుపేరునా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం క్షేమంగా ఉన్నాం, ఇల్లూ నిలబడింది. 2019 డిసెంబర్ 30 రాత్రి కార్చిచ్చు మా వైపు వచ్చినప్పటి నుంచి ఇండియా నుంచి, మెల్‌బోర్న్ నుంచి ఫోన్లు ఆగలేదు. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ఈస్ట్ గిప్స్‌లాండ్ ప్రాంతంలో, బెయిర్న్స్‌డేల్ దాటాక సార్స్‌ఫీల్డ్ వైపు. చుట్టూ పశువుల మేత పొలాలు, వాటిని ఆనుకుని యూకలిప్టస్ అడవి. ఆ పై కొండల్లో పిడుగులకు అంటుకున్న కార్చిచ్చు నవంబర్ నుంచీ కాలుతూనే ఉంది. డిసెంబర్ 29న ఈస్ట్ గిప్స్‌లాండ్‌లో చాలా భాగం ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని అధికారులు చెప్పారు. మర్నాడు రాత్రి మంట మా వైపు దిగింది. సార్స్‌ఫీల్డ్‌లోనూ క్లిఫ్టన్ క్రీక్‌లోనూ ఎన్నో కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. క్లిఫ్టన్ క్రీక్‌లో పిల్లల బడి కూడా బూడిదైపోయింది. ఆ కుటుంబాల మధ్య ఉంటూ మా ఇల్లు మిగిలిందని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. కానీ మిగలడానికి కారణమైనవాళ్ళకు చెప్పాల్సింది చెప్పాలి.

ముందుగా మా పక్క పొలం పెద్దాయనకు, ఆయన భార్యకు. మంటలార్పినవాళ్ళను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాలి కూడా. అయితే మమ్మల్ని కాపాడిన పని అంతకు చాలా ముందే, వానలు ఆగి గడ్డి పచ్చదనం పోతున్న రోజుల్లోనే జరిగింది. ఆయన సీఎఫ్ఏలో, అంటే గ్రామీణ అగ్నిమాపక దళంలో, ఏళ్ళ తరబడి వాలంటీరు. జీతం లేని పని. ఒక సాయంత్రం తనంతట తానే వచ్చి మా ఇంటి చుట్టూ తిరిగారు. గోడకు ఆనించిన కట్టెల పేర్పు తీసి దూరంగా వేయించారు. నిచ్చెనెక్కి ఇంటికప్పు అంచున వాననీళ్ళు పోయే గట్టర్లో ఎండుటాకులు గుప్పెళ్ళతో తీసి మా ఆయన చేతికిచ్చారు. గుమ్మం ముందు పీచు పట్టా కూడా ఆ రోజుల్లో తీసేయమన్నారు. "మంట ఇంటి దాకా రానక్కర్లేదమ్మా, గాలికి నిప్పురవ్వలు ముందే వస్తాయి. అవి ఎక్కడ దిగుతాయో అక్కడ ఎండుసరుకు ఉండకూడదు" అన్నారు. యూకలిప్టస్ బెరడు పేలికలు పేలికలుగా ఊడి, కాలుతూనే కిలోమీటర్ల దూరం ఎగురుతుందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళావిడ నా బట్టల బీరువా తీయించారు! నేను ఇంట్లో కట్టుకునే పాలిస్టర్ డ్రెస్సులు ఒక్కొక్కటీ వేళ్ళతో నలిపి చూసి, "ఇది వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది, వద్దు" అని పక్కన పెట్టారు. పొడుగు చేతుల నూలు చొక్కాలు, జీన్స్, తోలు బూట్లు, మనిషికో ఉన్ని దుప్పటి ఒక సంచిలో పెట్టించి, దాన్ని కారు డిక్కీలోంచి తీయొద్దని మరీ మరీ చెప్పారు. పాస్‌పోర్టులూ పాప మందులూ కూడా అందులోనే.

అందుకే 29న ఏబీసీ గిప్స్‌లాండ్ రేడియోలో చెప్పగానే వెతుక్కోవడాలు లేకుండా బయల్దేరగలిగాం. "ఇప్పుడు బయల్దేరడం ఆలస్యమైంది, ఇంట్లోనే తలదాచుకోండి" అనే హెచ్చరిక కూడా ఇక్కడ ఉంటుంది. అది వినాల్సి రాకుండా మమ్మల్ని దాటించింది ఆ ఇద్దరే. ఆ రాత్రి ఆయన ట్యాంకర్ మీద వేరేవాళ్ళ ఇళ్ళు కాపాడుతుంటే ఆయన గడ్డి షెడ్డు కాలిపోయింది. మైళ్ళ కొద్దీ కంచె పోయింది. దాని గురించి నేనెత్తితే "మీ పాప నిద్రపోతోందా?" అని అడిగారు. అంతకంటే ఏం చెప్పను.

బెయిర్న్స్‌డేల్‌లో వేడి వేడి అన్నం, కూర వడ్డించిన సిఖ్ వాలంటీర్స్ ఆస్ట్రేలియా సోదరులకు నమస్సులు. మెల్‌బోర్న్ నుంచి వంటసామానుతో వచ్చి, ఎవరు ఏమిటి అని అడగకుండా పెట్టారు. పొగకు కళ్ళు మండుతున్న చోట మా పాప కడుపునిండా తిన్నది ఆ ఒక్క పూటే.

ట్రరాల్గన్ ఊళ్ళో మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న అక్కకు, బావగారికి. ఒక్క ఉగాది కార్యక్రమంలో కలిసిన పరిచయం మాది. వాళ్ళబ్బాయి గది మాకిచ్చేసి, "రోడ్లు తెరిచేదాకా కదలొద్దు, ఇది నీ పుట్టిల్లే అనుకో" అంది అక్క. సంక్రాంతి వాళ్ళింట్లోనే. పాప అగ్గిపుల్ల వెలిగిస్తేనే ఉలిక్కిపడుతోందని చూసి, ఈసారి భోగి మంట ఊసే లేకుండా పాపకు భోగిపళ్ళు పోసింది. రేగుపళ్ళు దొరకక ద్రాక్షపళ్ళతో! అక్కా, ఆ రోజు వంటింట్లో నీ దగ్గర ఏడ్చింది అందుకే.

సీఎఫ్ఏ దళాలకు, అటవీ శాఖ సిబ్బందికి, విమానాల్లోంచి మంటల మీద నీళ్ళు పోసినవాళ్ళకు, వేరే రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి వచ్చినవాళ్ళకు దండాలు. జనవరి 11న ఓమియో అనే ఊరి దగ్గర మంటలతో పోరాడుతుంటే చెట్టు కూలి మీద పడటంతో ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణం పోయింది. ఆ కుటుంబానికి ఏ మాటా సరిపోదు, రోజూ దీపం పెట్టేటప్పుడు వాళ్ళను తలుచుకుంటున్నాం.

చాలామంది "ఏం పంపమంటారు?" అని అడుగుతున్నారు. బట్టలూ సామాన్లూ వద్దు, సర్ది పెట్టడానికే మనుషులు చాలడం లేదు. డబ్బు పంపాలనుకుంటే గిప్స్‌లాండ్ ఎమర్జెన్సీ రిలీఫ్ ఫండ్‌కు పంపండి. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళు బ్లేజ్‌ఎయిడ్‌లో పేరు ఇవ్వండి. 2009 మంటల తర్వాత మొదలైన సంస్థ అది, కాలిన కంచెలు తిరిగి వేసి రైతులకు సాయం చేస్తుంది. కంచె లేకపోతే మిగిలిన పశువులను నిలపడానికి చోటుండదు. పని రాకపోయినా పరవాలేదు, అక్కడ నేర్పిస్తారు. మా ఆయన శనివారాలు పెద్దాయన పొలంలో గుంజలు పాతుతున్నారు. రాగలిగినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, భోజనాలు నావి. తోలు గ్లవ్స్ మాత్రం మీరే తెచ్చుకోండి.