టెర్మినల్ ఎకో సవరణ: పరీక్షించి చెప్పండి

మిత్రులారా, టెర్మినల్ ఎకోలో, అంటే టైప్ చేసిన అక్షరాలను తెర మీద చూపించే భాగంలో, బ్యాక్‌స్పేస్ నొక్కాక తెర మీద అక్షరాలు మిగిలిపోతున్న లోపానికి మూలం దొరికింది. ట్యాబ్ నొక్కితే మన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) బఫర్‌లో, అంటే టైప్ చేసినవి తాత్కాలికంగా ఉంచే చోట, చేరేది ఒక్క బైటే, కానీ తెర మీద కర్సర్ 1 నుంచి 8 గళ్ల దాకా జరుగుతుంది. మన కోడ్ చెరిపేటప్పుడు ఒకే గడి వెనక్కి వెళ్తోంది. కంట్రోల్ అక్షరాలదీ అదే ఇబ్బంది: కంట్రోల్-సి కోడ్ 3; దానికి 64 కలిపి (C అక్షరం కోడ్ వస్తుంది), ముందు టోపీ గుర్తు (^) పెట్టి రెండు గళ్లలో చూపిస్తాం, చెరిపేది మాత్రం ఒక్కటే.

ఇప్పుడు ఇన్‌పుట్ ఏ గడిలో మొదలైందో గుర్తుపెట్టుకుని, చెరిపే ముందు బఫర్‌ను మొదటి నుంచి లెక్కించి వెడల్పు తేలుస్తున్నాను. కాస్త నెమ్మదే, కానీ మనిషి టైప్ చేసే వేగానికి ఆ తేడా తెలియదు.

యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పని ఇంకా మిగిలింది. తెలుగు ‘క’ అంటే 3 బైట్లు. చివరి బైటు ఒక్కటే తీసేస్తే ప్రోగ్రామ్‌కు చెడిపోయిన అక్షరం చేరుతుంది. లైనక్స్‌లో ఇందుకోసమే ఐయూటీఎఫ్8 అనే ఫ్లాగ్ (ఆన్/ఆఫ్ చేసే సెట్టింగ్) ఉంది. మనమూ అదే పద్ధతి అనుసరించడం మంచిదని నా అభిప్రాయం.

ఎకో ఆపి పాస్‌వర్డ్ అడిగే చోట దయచేసి చాలా జాగ్రత్తగా పరీక్షించండి. అక్కడ ఒక్క అక్షరం కూడా తెర మీదకు రాకూడదు.