చుక్క కొలిచాకే రంగు

సంపాదకులకు,

అరబ్బీ అక్షరాన్ని అమూర్త చిత్రంలో కలిపి వేసే పద్ధతి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలకు బాగా నచ్చింది. ఫోన్‌లో చూసి కాన్వాస్ మీదికి దించుతున్నారు. సంతోషమే, కానీ అక్షరాన్ని లతలా గీస్తున్నారు. దానికి కొలత ఉంది.

ఆ కొలతను పదో శతాబ్దంలో బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా స్థిరపరిచారు. కలం మొన ఆనిస్తే పడే నలుపలకల చుక్కే దానికి ఆధారం. నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం అలిఫ్ ఎత్తు రాత శైలిని బట్టి మారుతుంది: సులుస్‌లో సాధారణంగా ఏడు చుక్కలు, నస్ఖ్‌లో ఐదు, ఉర్దూ పత్రికల్లో కనిపించే నస్తాలీఖ్‌లో మూడు. బ్రష్ ఎంత వెడల్పైతే చుక్క, దాంతో పాటు అలిఫ్ అంత పెద్దవవుతాయి. గీత మధ్యలో మణికట్టు తిరిగితే లావు, సన్నం తారుమారై అక్షరం చచ్చిపోతుంది.

కాన్వాస్‌కు రెండు మూడు పూతలు జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) వేసి, ప్రతి పూత ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి. లేదంటే నేతకు కుంచె తట్టుకుని గీత అంచు చీలుతుంది. ఆక్రిలిక్‌లో నీళ్లెక్కువైతే అంచు పాకుతుంది, చిక్కనైతే గీత సగంలోనే తెగుతుంది.

రంగు చిలకరించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మాట మొదట్లో వచ్చే పంటిలాంటి చిన్న గీత కింద ఒక చుక్క పడితే 'బే', పైన ఒకటైతే 'నూన్', రెండైతే 'తే'. పక్కన రాలిన బొట్టు మాటనే మార్చేస్తుంది. ఖురాన్ వాక్యమైతే అది చిన్న తప్పు కాదు. నేర్చుకునేవాళ్లు విడి అక్షరంతోనే మొదలుపెట్టాలి.

ఇంకో తప్పు ఫ్లెక్సీల నుంచి వస్తోంది. అరబ్బీ లిపి తెలియని సాఫ్ట్‌వేర్‌లో 'ఇల్మ్' (విద్య) అని కొడితే అయిన్, లామ్, మీమ్ అల్లుకోకుండా విడివిడిగా, ఎడమ నుంచి కుడికి వస్తాయి. దాన్నే ట్రేస్ చేసి కాన్వాస్ ఎక్కిస్తున్నారు.

ఈ కలయిక కొత్తదేం కాదు. 1949లోనే ఇరాక్ చిత్రకారిణి మదీహా ఉమర్ వాషింగ్టన్‌లో అక్షరాల చిత్రాలు ప్రదర్శించారు. 1971లో బాగ్దాద్‌లో చిత్రకారుడు షాకిర్ హసన్ అల్ సయీద్ ఇదే దారిలో ఒక బృందం కట్టారు. ఈ ధోరణికి హురూఫియ్యా అని పేరు. హురూఫ్ అంటే అక్షరాలు, మన ఉర్దూలోనూ అదే మాట.

వేసవి చిత్రకళా శిబిరాలు పెట్టేవాళ్లకు మా విన్నపం ఒక్కటే: రంగుల కంటే ముందు ఒక పూట ఉర్దూ కాతిబ్‌ను (చేతిరాత నిపుణుణ్ని) పిలిపించి, పిల్లల చేతికి వెదురు కలం, గళ్ల కాగితం ఇప్పించండి.

కొందరు డ్రాయింగ్ ఉపాధ్యాయులం,
నల్లగొండ