పగిలే బిళ్ళ గురించి పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పలమనేరు నుంచి ఒక కుమ్మరి నమస్కారాలు.

పోయిన ఏడాది ఒక సర్పంచుల సంఘం వాళ్ళు మా ఇంటికొచ్చి, మీటింగుల్లో చొక్కాకు పెట్టుకోవడానికి మట్టి బిళ్ళలు చేసిస్తావా అని అడిగారు. బిళ్ళ బంట్రోతును చూశాం గానీ బిళ్ళ సర్పంచును చూడలేదే అని నవ్వాను. చేయడం మొదలుపెట్టాక తెలిసింది, కుండ కన్నా ఇదే కష్టమని.

పచ్చి మట్టి ఆరి, కాలేసరికి దాదాపు పదో వంతు తగ్గిపోతుంది. అందుకే అచ్చు ఆ మేరకు పెద్దది చేసుకోవాలి. పలచటి బిళ్ళను ఎండలో పెడితే అప్పడంలా వంకరపోతుంది. నీడలో, రెండు పలకల మధ్య, నిదానంగా ఆరాలి. బిళ్ళను కాల్చాకే పిన్ను అంటించాలి. అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలి. మొదటి వాయిలో ప ఒత్తు పూడిపోయి ‘సర్పంచ్’ కాస్తా ‘సరంచ్’ అయింది. ఇంట్లో ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తున్నారు.

రంగు మాత్రం వేయలేదు. మట్టిలో ఇనుము ఉంటుంది. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, గాలి బాగా ఆడితే ఎరుపు తేలుతుంది, గాలి మూసి పొగ పట్టిస్తే నలుపు. సర్పంచులకు నలుపు, వార్డు సభ్యులకు ఎరుపు ఇచ్చాం. రెండూ ఒకే చెరువు మట్టి.

తీరా ఇచ్చాక, ‘కింద పడితే పగిలేది ఎందుకు’ అని పైన ఎవరో అన్నారట. ఆర్డర్ మళ్ళీ ప్లాస్టిక్‌కే పోయింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్నట్టే అయింది. పగలదని నేను చెప్పను. పగిలితే ఆ ఒక్కటి మళ్ళీ చేసిస్తాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడితే, అటువైపు ‘చిత్తూరు జిల్లా’ అని అచ్చేసుకున్న బ్యాడ్జీ పగలకుండానే పనికిరాకుండా పోలేదా?

సబ్సిడీ అడగడం లేదు. బ్యాడ్జీల టెండర్లలో ‘కాల్చిన మట్టి’ అనే మాట కూడా రాయించండి. ఆర్డర్ మండలానికి సరిపడా ఇప్పించండి, నెల గడువు పెట్టండి. వారంలో ఐదు వేలంటే మా వల్ల కాదు, వానల్లో అయితే ఆ నెల కూడా చాలదు. 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిన ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవం చేస్తారు గదా, మార్చిలో చెబితే ఆ రోజుకు అందిస్తాం.

ఒక నల్ల బిళ్ళ, ఒక ఎర్ర బిళ్ళ మీ ఆఫీసుకు పోస్టు చేస్తున్నాను. దారిలో పగిలితే కబురు చేయండి, ఇంకో జత పంపిస్తాను.

ఇట్లు,
పలమనేరు కుమ్మరి