గుడ్డు దగ్గర ఆగిన లైను

అమ్మలూ,

ఆశీస్సులు. ఆదివారం ఫోన్‌లో "రిటైర్మెంట్‌కి ఏడేళ్ళుంది, ఇప్పుడు మళ్ళీ ఈ అసైన్‌మెంట్లు, ఈ టెన్షన్ నీకెందుకమ్మా?" అన్నావు. పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను గానీ, ఒక్క ముక్కలో చెప్పలేకే పెట్టేశాను. అప్పటినుంచీ ఆ మాటే మనసులో తిరుగుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వచ్చే ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఉంటుందంటున్నారు. అంటే హెడ్మిస్ట్రెస్‌గా ఏదో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు నా చేతికి వస్తుంది. దానికి కావలసిన డిపార్ట్‌మెంట్ పరీక్షలు, జీఓటీ, ఈఓటీ, నువ్వు ఇంటర్‌లో ఉండగానే పాసయ్యాను. గుర్తుందా, టేబుల్‌కి ఆ చివర నువ్వు ఫిజిక్స్ చదువుకునేదానివి, ఈ చివర నేను సెలవు నిబంధనలు బట్టీ పట్టేదాన్ని. బిల్లు ట్రెజరీకి ఎలా పంపాలో, ఎవరికి ఎన్ని రోజుల సెలవు ఇవ్వచ్చో అన్నీ నేర్చుకున్నాను. అవి కావాలి, కాదనను. కానీ నా బడిలో అసలు ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలో ఆ పుస్తకాల్లో ఒక్క పేజీ లేదు. ఆ వెలితి తీరుతుందనే ఈ దూరవిద్య డిప్లొమాలో చేరాను. అందులోనే చర్యాత్మక పరిశోధన అని ఒక పేపరు ఉంది. మేమంతా యాక్షన్ రీసెర్చ్ అనే అంటాం. అంటే మన బడిలోని సమస్యని మనమే పరిశీలించి, మార్పు చేసి చూడటం.

ఈ మాట నాకు కొత్త కాదు. జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో ట్రైనింగులకు వెళ్ళినా, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకి వెళ్ళినా వినిపించేదే. ఎవరో ఒకరు రిపోర్టు రాస్తారు, అది ఫైల్లోకి వెళ్తుంది, అంతటితో సరి. నేనూ అలాగే అనుకుని నా ప్రాజెక్టుకి పేరు పెట్టేశాను: 'ఎనిమిదో తరగతి విద్యార్థులలో శ్రద్ధాలోపం, కారణాలు, నివారణ'. భోజనం తర్వాత ఐదో పీరియడ్ లెక్కలు నావే. సగం మంది ఆలస్యంగా వస్తారు, వచ్చినవాళ్ళు ఆవలిస్తుంటారు. స్టడీ సెంటర్‌లో సారు ఆ పేరు చదివి, 'శ్రద్ధాలోపం' అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇది మీరు చూసిందా మేడం, అనుకున్నదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి నుంచి లంచ్ బెల్ కొట్టగానే వాచీ, నోటుబుక్కు పట్టుకుని కుళాయిల దగ్గర నిలబడ్డాను. పది రోజులు అదే పని. మాకు లంచ్ 50 నిమిషాలు. ఎనిమిదో తరగతిలో ఆఖరి పిల్లవాడి పళ్ళెంలో అన్నం పడేసరికి 13 నిమిషాలే మిగిలేవి. ఆ తర్వాత తినాలి, కడగాలి. ఐదు కుళాయిల్లో మూడింటికే నీళ్ళొస్తాయి. ఒకడిని చూశాను. నిలబడే నాలుగు ముద్దలు మింగాడు. ఇంకా పప్పన్నం ఉండగానే బెల్ కొట్టారు. పళ్ళెం వైపు చూశాడు, కుళాయి దగ్గర క్యూ వైపు చూశాడు. మిగిలినదంతా ఒక్కసారే నోట్లో కుక్కుకుని, పళ్ళెం ఇసకతో తుడిచి, చొక్కా అంచుతో ఒత్తి సంచీలో పెట్టుకుని క్లాసుకి పరిగెత్తాడు. క్లాసులో వాడు నాకు ఆలస్యంగా వచ్చినవాడు.

మరి ఎనిమిదో తరగతే ఎందుకు చివర? తొమ్మిది, పది వాళ్ళకి స్పెషల్ క్లాసులున్నాయని ముందు వడ్డిస్తాం. తర్వాత ఆరు, ఏడు, చిన్నపిల్లలని. ఎనిమిది పెద్దా కాదు, చిన్నా కాదు, ఎవరి లెక్కలోనూ లేదు. ఆ వరస నాలుగేళ్ళ కిందట వేసింది నేనే తల్లీ. భోజనాల ఇన్‌ఛార్జి నేనే అప్పుడు. ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి, శ్రద్ధాలోపం అన్న మాట కొట్టేశాను.

ఈ పరిశోధనలో నాలుగు అడుగులుంటాయి: ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, పునరాలోచన. నాలుగూ అయ్యాక అక్కడితో ఆగకూడదు, తెలిసినదాంతో మళ్ళీ మొదటి అడుగుకి రావాలి. నేను మొదటి చుట్టులో చేసిందేమిటంటే, రోజుకో తరగతి ముందుండేలా చార్టు రాసి గోడకి అంటించాను. స్టాఫ్ మీటింగులో చదివి వినిపించాను. అందరూ తలలూపారు. రెండో వారానికి చార్టు గోడ మీదే మిగిలింది. చివర వంతు వచ్చిన రోజున ఆరో తరగతి పిల్లలు ఆకలికి ఏడ్చారు. పదో తరగతి క్లాస్ టీచర్ నాతో మాట్లాడటం తగ్గించారు. నాకు చాలా బాధనిపించింది, ఇది నా వల్ల కాదనుకున్నాను.

అప్పుడే సిలబస్‌లో కర్ట్ లెవిన్ గురించి చదివాను. హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలి అమెరికా వెళ్ళిపోయిన యూదు మానసిక శాస్త్రవేత్త ఆయన. యాక్షన్ రీసెర్చ్ అన్న మాట 1946లో ఆయన రాసిన వ్యాసంతోనే స్థిరపడింది. బడుల్లోకి దాన్ని తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు స్టీఫెన్ కోరీ, ఆయన పుస్తకం 1953లో వచ్చింది. కానీ నా మనసులో నాటుకున్నది లెవిన్ యుద్ధకాలంలో చేసిన ఒక పని. మంచి మాంసం సైనికులకి పోతోందని, గుండెకాయ, మూత్రపిండాల్లాంటివి ఇళ్ళలో వండించాలని ప్రభుత్వం అనుకుంది. కొందరు గృహిణులకి చక్కటి లెక్చర్ ఇప్పించారు. ఇంకొందరిని కూర్చోబెట్టి, వాళ్ళలో వాళ్ళనే మాట్లాడుకుని నిర్ణయించుకోమన్నారు. లెక్చర్ విన్నవాళ్ళలో నూటికి 3 మంది ఇంట్లో వండారు. మాట్లాడుకున్నవాళ్ళలో 32 మంది. అది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. స్టాఫ్ మీటింగులో నేను చేసింది లెక్చరే కదా.

శనివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద అందరం కూర్చున్నాం. వంట చేసే ఇద్దరు అక్కలు, పీఈటీ సారు, పదో తరగతి క్లాస్ టీచర్, తరగతికి ఇద్దరు పిల్లలు. నా నోటుబుక్కులో లెక్కలు చదివాను, ఏం చేద్దామో మాత్రం చెప్పలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "లైను అన్నం దగ్గర ఆగట్లేదు మేడం. గుడ్డు దగ్గర ఆగుతోంది" అంది.

నిజమే. గుడ్ల లెక్క తేడా రాకూడదని ఒక టీచర్ పక్కన కూర్చుని, ఒక్కొక్కరి రోల్ నంబరు అడిగి టిక్కు పెడతారు. పిల్లవాడు గుడ్డు అందుకుని, నంబరు చెప్పి కదిలేదాకా వెనకున్నవాళ్ళంతా ఆగాలి. పది రోజులు వాచీతో నిలబడి కూడా నేనది చూడలేదు. ఆవిడ గరిటె పట్టుకుని నాలుగేళ్ళుగా చూస్తోంది. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇప్పుడు పొద్దున హాజరు కాగానే క్లాస్ లీడర్ చీటీ రాసిస్తాడు. బెల్‌కి ముందే ఏ తరగతి గుడ్లు ఆ తరగతికి లెక్కపెట్టి బేసిన్‌లో ఇచ్చేస్తారు, తరగతి మొత్తానికి ఒకటే టిక్కు. వరస ఎవరూ మార్చలేదు. అయినా ఎనిమిదో తరగతి ఆఖరి పిల్లవాడికి ఇప్పుడు 24 నిమిషాలు మిగులుతున్నాయి. పాడైన రెండు కుళాయిలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి కోసం ఇంకా తిరుగుతున్నాను.

పీరియడ్‌కి అందరూ టైముకి వస్తున్నారు. ఒకడు మాత్రం ఇంకా నిద్రపోతున్నాడు. ఇదివరకైతే లేపి నిలబెట్టేదాన్ని. మొన్న పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలా. రాత్రిళ్ళు వీడూ అక్కడే పడుకుంటాడు. కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వెయ్యాలి, అందుకని సగం నిద్రే. దీనికి ఏం చెయ్యాలో నాకింకా తెలీదు. వచ్చే వారం వాళ్ళ నాన్నని కలవడానికి చెరువు దగ్గరికి వెళ్తున్నాను. కొత్త పేజీ మీద వాడి రోల్ నంబరు ఒక్కటే రాసి పెట్టుకున్నాను.

ఇంకో సంగతి, ఇది చాలా రోజులుగా అడగాలనుంది. నువ్వు ఏడో తరగతిలో ప్రతి శనివారం పొద్దున్నే కడుపునొప్పి అనేదానివి. సాకు అనుకుని చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్ళేదాన్ని. రెండుసార్లు కొట్టాను కూడా. శనివారమే ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. దసరాకి వచ్చినప్పుడు చెప్తావా? ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని వింటాను.

నాన్న గోంగూర పచ్చడి పార్సెల్ చేశారు, గురువారానికి అందుతుంది. డబ్బా తడి తగలకుండా పెట్టుకో.

ప్రేమతో
అమ్మ